ఆవిరి: వాడుకలోని అర్థం, శాస్త్రంలోని అర్థం

తెలియని మాట ఎదురైనప్పుడు విద్యార్థి నిఘంటువు తెరుస్తాడు. తెలిసిన మాట ఎదురైనప్పుడు తెరవడు. అందువల్ల చదువులో పొరపాట్లు కఠినపదాల దగ్గర కంటె, చిన్ననాటి నుండి మనం ఎరిగిన మాటల దగ్గరనే ఎక్కువగా జరుగుతుంటాయి. "ఆవిరి" అటువంటి మాట. అయితే ఈ మాట విషయంలో మొదట పొరబడినది విద్యార్థి కాదు, మేమే. ఆ సంగతి విన్నవించి, తరువాత విషయంలోకి ప్రవేశిస్తాము.

కొన్ని సంవత్సరాల క్రితం మేము ఇంటర్మీడియట్ తరగతిలో పద్యభాగం బోధిస్తున్నాము. ఒక పద్యంలో "బాష్పములు" అనే మాట వచ్చింది. కన్నీళ్ళు అని అర్థం చెప్పి ముందుకు సాగబోయాము. వేముల నుండి వచ్చి చదువుకొంటున్న సైన్సు విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఫిజిక్సులో బాష్పమంటే ఆవిరని చెప్పినారు. మీరు కన్నీళ్ళంటాండారు. కన్నీళ్ళు ఆవిరెట్లయితాయి సార్?" అని అడిగాడు. తరగతి నవ్వింది. మేమూ నవ్వి, "అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద తెల్లగా లేచి కనిపించేది ఆవిరి, కంటి నుండి కారేది కన్నీరు. రెండూ వేడివే గనుక ఒకే పేరు వచ్చింది" అని సమాధానపరచి కూర్చోబెట్టాము.

పక్షం రోజుల తరువాత మా భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రులు ఒక జవాబుపత్రం తెచ్చి మా ముందు పెట్టారు. "నీటి ఆవిరి తెల్లగా ఉండును. అది కంటికి కనిపించును" అని ఆ పిల్లవాడు వ్రాశాడు. మార్కు పడలేదు. ఇట్లా ఎందుకు వ్రాశావని అడిగితే "తెలుగు సారు చెప్పినారు" అన్నాడట. మిత్రులు మమ్మల్ని నొప్పించకుండా, "మీరు చూచిన ఆవిరిని మాకు కూడా చూపించండి. ఇరవై ఏళ్ళుగా దాని గురించి పాఠం చెబుతున్నాము, ఒక్కనాడైనా కంటపడలేదు" అన్నారు. ఆ సాయంకాలం ఆయన ప్రయోగశాలలో మాకు చూపిన దానిని, ఆ తరువాత మేము చదివి తెలుసుకొన్న దానిని ఈ వ్యాసంలో మా విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

ప్రయోగశాలలో చూచినది

ఒక గాజు కుప్పెలో సగం వరకు నీరు పోసి, మూతకు సన్నని గాజు గొట్టం అమర్చి, క్రింద మంట పెట్టారు. నీరు తెర్లసాగింది. నీటి పైన కుప్పెలో ఉన్న ఖాళీ స్థలాన్ని చూడమన్నారు. అక్కడ ఏమీ కనిపించలేదు. అది ఖాళీ కాదని, నీటి ఆవిరితో నిండి ఉన్నదని చెప్పారు. తరువాత గొట్టం మొనను చూడమన్నారు. మొనకు ఆనుకొని వ్రేలి వెడల్పు మేర ఏమీ లేదు. ఆ పైననే తెల్లని ధార మొదలవుతున్నది. ఆ ఏమీ లేనట్లు కనిపించే వ్రేలి వెడల్పు చోటనే ఆవిరి ఉన్నది. పైన తెల్లగా కనిపించేది ఆవిరి చల్లబడి, తిరిగి నీరై, గాలిలో తేలుతున్న అతిసూక్ష్మ బిందువుల గుంపు. ఆ ధార క్రింద మరొక దీపం పట్టగానే తెలుపు మాయమైంది. బిందువులు వేడికి మళ్ళీ ఆవిరైనవి. ధారకు అడ్డంగా చల్లని స్టీలు పళ్ళెం పట్టగా నీటిబొట్లు జారినవి.

ఈ ప్రయోగానికి ప్రయోగశాల అవసరం కూడా లేదు. టీ కాచే కెటిల్ ఉన్న ఏ ఇంటిలోనైనా దూరం నుండి చూడవచ్చు. దూరం నుండి అని ఎందుకంటున్నామో తరువాత చెబుతాము.

కనుక భౌతికశాస్త్రం ప్రకారం నీటి ఆవిరి అంటే వాయురూపంలో ఉన్న నీరు. దాని అణువులు ఒకదానికొకటి దూరంగా, విడివిడిగా తిరుగుతుంటాయి. దానికి రంగు లేదు. కంటికి కనిపించదు. ఒక గ్రాము నీరు సాధారణ పీడనం వద్ద నూరు డిగ్రీల ఆవిరి అయినప్పుడు సుమారు 1,700 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఒక చెంచాడు నీరు బిందెడు ఆవిరి అవుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఒకప్పుడు రైలును లాగిన శక్తి ఈ వ్యాకోచంలోనిదే.

పేర్ల పుట్టుక

వస్తువు ఒకటే అయినా దానికి మన చుట్టూ ఉన్న భాషలు ఇచ్చిన పేర్లు వేరు వేరు దారుల వెంట వచ్చినవి. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా కళాశాల విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా గమనింపదగిన విషయం.

"ఆవిరి" అచ్చతెలుగు మాట. తమిళ కన్నడాలలో దీని తోబుట్టువు "ఆవి". తమిళంలో ఈ మాటకు నీటి ఆవిరి అనే అర్థంతోపాటు ఊపిరి, ప్రాణం, ఆత్మ అనే అర్థాలు కూడా ఉన్నాయి. పొయ్యి మీది ఎసరు విడిచే దానికీ, మనిషి విడిచే శ్వాసకూ పూర్వులు ఒకే పేరు పెట్టారన్నమాట. ఇది నిరాధారం కాదు. మనం విడిచే ప్రతి శ్వాసలోను నీటి ఆవిరి ఉన్నది. చలికాలపు వేకువలో నోటి ముందు తెల్లగా కనిపించేది ఆ ఆవిరి చల్లబడి కట్టిన బిందువులే.

"బాష్పం" సంస్కృత పదం. కన్నీరు, ఆవిరి అనే రెండు అర్థాలూ దానికి మొదటి నుండి ఉన్నవే. ఈ బాష్పమే ప్రాకృతాల మీదుగా అరిగి అరిగి "భాప్" అయింది. ఉర్దూలోను, హిందీలోను ఆవిరికి నేటికీ అదే మాట. తెలుగు విద్యార్థి పుస్తకంలో చదివే బాష్పమూ, ఉర్దూ విద్యార్థి ఇంటిలో వినే భాప్ ఒకే పదమని మా విద్యార్థులలో ఎక్కువ మందికి తెలియదు.

మూడవది "బుఖార్". ఇది అరబ్బీ పదం. అరబ్బీలో దాని అర్థం ఆవిరి. సువాసన ధూపానికి అరబ్బీలో ఉన్న "బఖూర్" అనే పేరు కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. కాని మన ఇళ్ళలో బుఖార్ అంటే జ్వరం. దేహంలోని దోషాలు వేడెక్కి ఆవిరులై పైకి ఎగయడం వల్ల అస్వస్థత కలుగుతుందనేది ప్రాచీన వైద్యంలోని ఒక భావన. యునానీ హకీములు కడుపులో నుండి వాయువులు ఎగదన్నడాన్ని నేటికీ "తబ్ఖీర్" అంటారు. ఆవిరి పేరు జ్వరానికి సంక్రమించడం ఈ దారిలోనే జరిగి ఉంటుంది. ఉర్దూలో "దిల్ కా బుఖార్ నికాల్‌నా" అనే జాతీయం ఒకటి ఉన్నది. మనసులో అణచిపెట్టుకొన్న బాధనో కోపాన్నో వెళ్ళగక్కడం దాని భావం. ఇక్కడ బుఖార్ జ్వరం కాదు, మూతపెట్టిన పాత్రలోని ఆవిరి. పాత అర్థం జాతీయంలో దాగి బ్రతికి ఉన్నది. విజ్ఞానశాస్త్ర గ్రంథాలలో ఉర్దూవారు బహువచనాన్ని తీసుకొని ఆవిరిని "బుఖారాత్" అనీ, నీటి ఆవిరిని "ఆబీ బుఖారాత్" అనీ అన్నారు.

నాలుగవది "దమ్". ఇది పారసీక పదం. ఊపిరి అని అర్థం. బిర్యానీ డేగిసా మూత చుట్టూ పిండి మెత్తి, లోపలి ఆవిరి బయటికి పోకుండా సన్నని సెగ మీద ఉంచడాన్ని "దమ్ పెట్టడం" అంటాము. తమిళుల ఆవి వలెనే పారసీకుల దమ్ కూడా ఊపిరినీ ఆవిరినీ ఒకచోట చేర్చింది. ఎన్నడూ కలిసి కూర్చోని భాషలు ఒకే పోలికను కనుగొనడం భాషాభిమానులకు ఆనందం కలిగించే విషయం.

శాస్త్రాన్ని దేశభాషలలో చెప్పవలెనన్న సంకల్పం కలిగినప్పుడు ఈ మాటలలో నుండి పారిభాషిక పదాలను ఏరుకోవలసి వచ్చింది. 1918లో ఉర్దూ బోధనాభాషగా స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్రపదాలను నిర్మించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్ర గ్రంథాలను తెలుగులో తెచ్చింది. మన పాఠ్యగ్రంథాలలో "బాష్పీభవనం", "బాష్పపీడనం" స్థిరపడినవి. "ఆవిరి" అనే మాట వంటింటిలోను, పుస్తకంలోను కూడా నిలిచింది. చిక్కంతా అక్కడనే వచ్చింది.

వాడుకలో ఉన్న సత్యం, వాడుకలో ఉన్న పొరపాటు

వ్యవహారంలో ఆవిరి అనే నామవాచకాన్ని మనం కంటికి కనిపించే తెల్లని దానికే వాడతాము. "ఇడ్లీ పాత్ర నుండి ఆవిరి వస్తున్నది" అంటే కనిపించే ధార అని అర్థం. శాస్త్రదృష్టిలో ఇది పొరపాటు. అది పొగమంచుకు సోదరి. పొగమంచు కూడా పొగ కాదు, మంచుగడ్డా కాదు. గాలిలో తేలే నీటి బిందువులే. మేఘమూ అంతే.

కాని అదే మాటకు క్రియారూపం చూడండి. "చెరువు ఆవిరైపోయింది", "జీతం పది రోజులకే ఆవిరైంది", "ఆశలు ఆవిరైనవి" అంటాము. ఇక్కడ ఆవిరి కావడమంటే కనిపించకుండా పోవడం. ఆశలు ఆవిరైనవంటే తెల్లగా పైకి లేచి కనిపించినవని ఎవరూ అర్థం చేసుకోరు! నామవాచకంలో మన భాష కంటిని నమ్మింది. క్రియలో మాత్రం శాస్త్రం చెప్పే సత్యాన్నే చెప్పింది. ఈ వైరుధ్యాన్ని గుర్తించిన విద్యార్థికి పాఠంలో సగం వచ్చినట్లే. మిగిలిన సగం ఏమంటే, ఆవిరి కనిపించకుండా పోతుంది గాని నశించదు. గాలిలో చేరి, చల్లదనం తగిలిన చోట తిరిగి నీరవుతుంది.

రైలును మన పెద్దలు "పొగబండి" అన్నారు. మద్రాసు నుండి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగిన ఇనుపదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు దారితో కలిసింది. బండిని నడిపినది ఆవిరి. పొగ కేవలం బొగ్గు మండగా మిగిలిన వ్యర్థం. అయినా ప్రజలు పేరు పెట్టినది కనిపించిన పొగను బట్టి. పని చేసినది కనిపించలేదు గనుక దానికి పేరులో చోటు దక్కలేదు.

ఇంకడం, ఇగరడం

మన రాయలసీమ పల్లెలలో మరొక చక్కని పదాల జంట ఉన్నది. కుంటలోని నీరు తగ్గితే "ఇంకింది" అనవచ్చు, "ఇగిరింది" అనవచ్చు. ఇంకినది నేలలోకి పోయింది. ఇగిరినది గాలిలోకి పోయింది. కూర పొయ్యి మీద ఇగురుతుంది గాని ఇంకదు. నిఘంటువు చూడని రైతు ఈ రెండు మాటలను ఎన్నడూ తారుమారు చేయడు. పుస్తకంలోని "బాష్పీభవనం" అనే అయిదక్షరాల మాటకు మన నేల మీద ఎప్పటి నుండో ఉన్న పేరు "ఇగరడం".

ఇగరడానికి నీరు తెర్లవలసిన పని లేదు. ఏ ఉష్ణోగ్రత వద్దనైనా నీటి ఉపరితలంలోని అణువులలో కొన్ని తక్కినవాటి కంటె వేగంగా కదులుతుంటాయి. అవి ఆకర్షణను తెంచుకొని గాలిలోకి వెళ్ళిపోతాయి. తెర్లడం వేరు. నీటి బాష్పపీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడు నీటి లోపల కూడా ఆవిరి బుడగలు పుడతాయి. అదే తెర్లడం. తెర్లే నీటిలోని బుడగలు గాలి బుడగలని చాలమంది అనుకొంటారు. అవి ఆవిరి బుడగలు.

వేగం గల అణువులు వెళ్ళిపోగా నిదానమైనవి మిగులుతాయి గనుక మిగిలిన నీరు చల్లబడుతుంది. మట్టికుండలో నీరు చల్లగా ఉండడానికి కారణం ఇదే. కుండ గోడల సన్నని రంధ్రాల గుండా ఊరిన చెమ్మ ఇగురుతూ లోపలి నీటి వేడిని పట్టుకొని పోతుంది. పొడిగాలి వీచే మన కడప వేసవిలో కుండ బాగా పనిచేస్తుంది. గాలిలో ఇదివరకే ఆవిరి నిండి ఉన్న సముద్రతీరపు ఊళ్ళలో అంతగా పనిచేయదు. అక్కడ చెమట కూడా సరిగా ఇగరదు. ఆ స్థితినే మనం "ఉక్కపోత" అంటాము.

ఇది కుండకు పరిమితమైన ముచ్చట కాదు. కడప జిల్లాలో ఏటా సగటున పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఇక్కడి ఎండకు, గాలికి అంతకంటె ఎక్కువ నీటిని ఇగిర్చే శక్తి ఉన్నది. ఒక చదరపు కిలోమీటరు వైశాల్యం గల చెరువులో ఒక్క మిల్లీమీటరు నీరు ఇగిరితే పోయిన నీరు పది లక్షల లీటర్లు. ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఇగిరిందనుకొంటే ఆ చెరువు దినమొక్కింటికి యాభై లక్షల లీటర్లు కోల్పోతుంది. ఒక్క బొట్టు పొర్లి పోయినట్లు ఎవరికీ కనిపించదు. ఇంకిన నీరు బావిలోనో బోరులోనో తిరిగి అందుతుంది. ఇగిరిన నీరు మన ఊరికే తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకనే ఇంకుడు గుంటలు త్రవ్వడం, చీనీ, అరటి తోటలకు చెట్టు మొదట బొట్టుబొట్టుగా నీరందించే డ్రిప్ పద్ధతి పాటించడం పులివెందుల, వేముల ప్రాంతాల రైతులకు ముఖ్యమైన విషయాలు. కనిపించని ఆవిరిని లెక్కలోకి తీసుకొన్నవానికే మెట్ట ప్రాంతపు సేద్యం సాగుతుంది.

ఆవిరిలో దాగిన వేడి

కెటిల్‌ను దూరం నుండి చూడమన్నాము. కారణం వినండి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కెలోరీ ఉష్ణం కావలెను. నూరు డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీటిని నూరు డిగ్రీల ఆవిరిగా మార్చడానికి 540 కెలోరీలు కావలెను. ఈ 540 కెలోరీలు ఉష్ణమాపకంలో కనిపించవు. అందుకే దీనిని "గుప్తోష్ణం" అన్నారు. మంచి పేరు. ఆవిరి దేనిని తాకి తిరిగి నీరవుతుందో దానికి ఈ దాచిన సొమ్మంతా ఒక్కమారు అప్పగిస్తుంది.

తెర్లే నీరు ఒక గ్రాము చేతిమీద పడి శరీరపు వేడికి, అంటే 37 డిగ్రీలకు చల్లబడితే విడిచే ఉష్ణం 63 కెలోరీలు. అదే ఆవిరి ఒక గ్రాము తగిలితే 540కి 63 కలిసి 603 కెలోరీలు, అనగా తొమ్మిది రెట్లకు మించి. కనిపించే తెల్లని ధారలో ఈ గుప్తోష్ణం చాలమట్టుకు ఖర్చై పోయి ఉంటుంది. మూతి దగ్గర కనిపించని భాగంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. "తెల్లగా లేనిచోట ఆవిరి లేదు" అనుకొని ప్రెషర్ కుక్కరు దగ్గర, దమ్ విప్పే డేగిసా దగ్గర చేయి పెట్టినవారు కాల్చుకొంటారు. మా ఇంటిలో అమ్మీ డేగిసా మూతను తన వైపు గాక అవతలి వైపు తెరిచేది. ముందు అవతలి అంచు లేపి, కొంతసేపు ఆగి, తరువాతనే మూత తీసేది. గుప్తోష్ణమనే మాట ఆమె ఎరుగదు. దాని మర్యాదను మాత్రం ఎరుగును.

ఇదే వేడి మనకు ఉపకారి కూడా. ఇడ్లీ, ఆవిరి కుడుము నీటిలో మునగకుండానే ఉడకడం, చల్లని పిండిని తాకిన ఆవిరి నీరవుతూ తన గుప్తోష్ణాన్ని ఇవ్వడం వల్లనే.

పీడనం పెంచితే మరొక వింత జరుగుతుంది. ఆవిరిని బయటికి పోనీయక బిగిస్తే నీరు నూరు డిగ్రీల వద్ద తెర్లదు. ప్రెషర్ కుక్కరులో ఉష్ణోగ్రత సుమారు 120 డిగ్రీల వరకు పోయేది ఇందుకే. వేముల మండలంలోని తుమ్మలపల్లెలో 2012లో పని ప్రారంభించిన యురేనియం గని వద్ద ముడిఖనిజాన్ని శుద్ధిచేసే పద్ధతికి కూడా ఈ సూత్రం ఆధారం. అక్కడి ఖనిజం సున్నపురాతి జాతికి చెందిన శిలలో ఉన్నది. ఆమ్లం పోస్తే ఆ రాయే ఆమ్లాన్ని తినివేస్తుంది. కనుక క్షారద్రావణంతో, బిగించిన పాత్రలలో, అధిక పీడనం క్రింద, నూరు డిగ్రీలు దాటిన వేడిలో యురేనియంను కరిగిస్తారు. అంత వేడిలోను ద్రావణం ఆవిరై పోకుండా నిలిపేది పీడనమే.

ఆవిరికీ వాయువుకూ భేదం

ఇక విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టే ప్రశ్న. ఆవిరి వాయురూపమే అయితే దానిని వాయువు అనక వేరొక పేరెందుకు? గాలిలోని ఆక్సిజన్‌ను వాయువు అంటున్నాము, నీటిని ఆవిరి అంటున్నాము. భేదమెక్కడ?

ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం చెప్పినవాడు ఐర్లండు శాస్త్రజ్ఞుడు థామస్ ఆండ్రూస్. కార్బన్ డయాక్సైడుపై చేసిన ప్రయోగాల ఫలితాలను ఆయన 1869లో ప్రకటించాడు. ఆ పదార్థం సుమారు 31 డిగ్రీల లోపల ఉన్నంతవరకు, ఒత్తిడి పెంచితే ద్రవమవుతుంది. 31 డిగ్రీలు దాటిన తరువాత ఎంత ఒత్తినా ద్రవంగా విడివడదు. ప్రతి పదార్థానికి ఇటువంటి హద్దు ఒకటి ఉన్నది. దీనిని మన గ్రంథాలు "సందిగ్ధ ఉష్ణోగ్రత" అంటున్నవి. ఆ హద్దు దగ్గర ద్రవానికీ ఆవిరికీ మధ్యనున్న గీత చెరిగిపోయి ఏది ఏదో చెప్పలేని స్థితి కలుగుతుంది గనుక సందిగ్ధమన్న పేరు ఎంతో తగి ఉన్నది.

ఈ హద్దుకు లోపల ఉన్న వాయురూపం ఆవిరి, అనగా బాష్పం. ఒత్తిడి ఒక్కదానితోనే దానిని ద్రవంగా మార్చవచ్చు. హద్దుకు పైన ఉన్నది వాయువు. ముందు చల్లబరచనిదే అది ద్రవం కాదు. ఆక్సిజన్‌కు ఈ హద్దు సున్నకు దిగువన 119 డిగ్రీల ప్రాంతంలో, నైట్రోజన్‌కు సున్నకు దిగువన 147 డిగ్రీల ప్రాంతంలో ఉన్నది. కనుక మన గాలిలో అవి ఎల్లప్పుడూ వాయువులే. నీటికి హద్దు 374 డిగ్రీలు. కనుక మన గాలిలో నీరు ఎల్లప్పుడూ ఆవిరే.

ఇప్పుడు రెండు స్థానిక దృష్టాంతాలు. కార్బన్ డయాక్సైడు హద్దు 31 డిగ్రీలని చెప్పాము. ప్రొద్దుటూరులో మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటడం సామాన్యం. అప్పుడది నిస్సందేహంగా వాయువు. జనవరి వేకువలో శాస్త్రార్థంలో అది ఆవిరి. ఒకే ఊరిలో, ఒకే పదార్థానికి, ఋతువును బట్టి పేరు మారుతుంది! రెండవది మన వంటింటి గ్యాసు బండ. అందులో ఉన్నవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. వాటి హద్దులు సుమారు 97, 152 డిగ్రీలు. మన వేసవి కూడా వాటికి చాల దిగువనే. అందుకనే ఒత్తిడితో వాటిని ద్రవం చేసి బండలో నింపగలుగుతున్నారు. బండను కదిలిస్తే లోపల ద్రవం కదలడం తెలుస్తుంది. శాస్త్రనియమం ప్రకారం చూస్తే మనం గ్యాసు అంటున్నది ఆవిరి! వ్యవహారంలో పేరు మార్చుకోవలసిన పని లేదు. తెలిసి వాడితే చాలు.

కలమల్లలో మాట, కలమల్లలో ఆవిరి

మా జిల్లాలో ఆవిరిని గురించి వ్రాస్తూ కలమల్లను తలచకపోవడం న్యాయం కాదు. ఎర్రగుంట్ల మండలంలోని ఈ ఊరిలో లభించిన రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం క్రీ. శ. 575 ప్రాంతానిది. నేటికి తెలిసినంతలో తెలుగుభాషలో వ్రాసిన తొలి శాసనంగా అది ప్రసిద్ధికెక్కింది. ఆ కలమల్ల దగ్గరనే రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం వెలిసింది. 1994లో దాని తొలి యూనిట్ పని ప్రారంభించింది. ఆరు యూనిట్ల మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు మంటతో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని అయిదు వందల డిగ్రీలకు పైగా వేడెక్కించి, టర్బైను రెక్కలను త్రిప్పించడమే ఇటువంటి కేంద్రాల పని. పైన చెప్పిన నియమాన్ని అక్షరాలా పాటిస్తే 374 డిగ్రీలు దాటిన నీటిని ఆవిరి అనరాదు, వాయువు అనవలెను. అయినా ఇంజనీర్లు దానిని ఆవిరి అనే పిలుస్తారు. శాస్త్రజ్ఞుల లోకంలో కూడా వాడుకకు బలం ఉన్నదనడానికి ఇదొక నిదర్శనం.

ఇటువంటి కేంద్రాల శీతలగోపురాల నుండి తెల్లగా లేచేదానిని దారినపోయేవారు పొగ అంటారు. అది పొగ కాదు, నీటి బిందువులు. పొగ పొడవైన చిమ్నీ నుండి వస్తుంది. రెంటికీ భేదం తెలిసినవాడే ఏది ఊరి గాలికి హాని చేస్తుందో అడగగలుగుతాడు. మాటకు సరైన అర్థం తెలియడం వల్ల ప్రయోజనమేమిటని అడిగే విద్యార్థులకు ఇంతకంటె వేరే సమాధానం అక్కరలేదు.

ముగింపు

ఇంతకూ వ్యవహారంలోని అర్థం తప్పు, శాస్త్రంలోని అర్థం ఒప్పు అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. వాడుక మాట అనుభవం నుండి పుట్టింది. అది కన్నును, చేతిని, మనసును నమ్ముతుంది. శాస్త్రపదం కొలత నుండి పుట్టింది. అది నియమాన్ని నమ్ముతుంది. వంటింటిలో "ఆవిరి వస్తున్నది" అంటే తెల్లని ధార అనుకోండి. పరీక్షలో ఆవిరి కనిపించదని వ్రాయండి. ఏ చోట నిలబడి మాట్లాడుతున్నామో తెలుసుకొని మాట్లాడడమే విద్య. తెలుగు మాధ్యమం నుండో ఉర్దూ మాధ్యమం నుండో వచ్చి, ఇక్కడ ఇంగ్లీషు పుస్తకాలలో వేపర్, స్టీమ్, గ్యాస్, ఫాగ్ అనే నాలుగు మాటలను ఒక్కమారు ఎదుర్కొనే విద్యార్థికి మా సలహా ఒక్కటే. మీ ఇంటి మాటను సిగ్గుపడి వదలివేయకండి. దాని ప్రక్కన క్రొత్త మాటను నిలబెట్టి, రెండూ ఎక్కడ కలుస్తున్నవో, ఎక్కడ విడిపోతున్నవో చూడండి. బాష్పమూ భాప్ కలిసినట్లు, ఇగరడమూ బాష్పీభవనమూ కలిసినట్లు చాల మాటలు కలుస్తాయి.

ప్రయోగశాలలో ఆ కుప్పెను చూచిన మరునాడు మేము తరగతికి వెళ్ళి, మేము చెప్పినది తప్పని అందరి ఎదుట ఒప్పుకొన్నాము. పోయిన మార్కు ఆ విద్యార్థికి తిరిగి రాలేదు. అతడు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు బాకీ ఉన్నాము. కన్నీరు ఆవిరి ఎట్లవుతుందన్నది అతని ప్రశ్న. ఏడ్చి ఊరుకొన్న బిడ్డ చెంప మీద చేయి వేసి చూడండి. కన్నీటి చార ఉన్నచోట చల్లగా తగులుతుంది. ఆ కన్నీరు చెంపలోని కొంత వేడిని తీసుకొని, ఎవరికీ కనిపించకుండా ఇగిరిపోతూ ఉంటుంది. తడి ఆరిన తరువాత మిగిలేది ఉప్పు. ఆ విధంగా ప్రతి కన్నీటి బొట్టూ కొద్దిసేపటిలో శాస్త్రార్థంలో కూడా బాష్పమే అవుతున్నది. ఈ జవాబు ఆనాడు మాకు తెలియలేదు. ఈ పత్రిక అతని చేతికి అందితే, ఆలస్యంగానైనా అతనికి చేరుతుందని ఆశిస్తున్నాము.